నిద్రపోయినవాడి సాక్ష్యం చెల్లదు

బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు రాసిచ్చిన పరీక్షలన్నీ మారు మాట్లాడకుండా చేయించుకున్నాను. రక్తం తీశారు, గుండె చూశారు, గొంతులోంచి గొట్టం దించి కడుపు కూడా చూశారు. నేను వద్దని మొండికేసింది ఒక్క స్లీప్ స్టడీకే. రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి, ఒంటినిండా వైర్లు తగిలించి, నిద్రను కొలుస్తారట. "నిద్రకేం తక్కువ సార్, నాకున్నంత నిద్ర ఎవరికుంది?" అన్నాను డాక్టరుతో. నిజంగానే అట్లా అనుకునేవాణ్ని. బస్సెక్కితే నిద్ర, కుర్చీలో ఆనుకుంటే నిద్ర, పెళ్లిలో మంత్రాలు మొదలైతే నిద్ర. ఇంత తేలిగ్గా నిద్ర పట్టడం ఆరోగ్యమనుకున్నాను. అది జబ్బు లక్షణమని ఎవరైనా చెప్పినా వినే రకం కాదు నేను.

మాది నందికొట్కూరు. విత్తనాలు, ఎరువుల కొట్టు నడుపుతాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మా ఊరు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, జబ్బు చేస్తే మేం బస్సెక్కేది ఇప్పటికీ కర్నూలుకే. ఆపరేషన్ నాటికి నా వయసు 47. ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 114 కిలోలు. అంటే బీఎంఐ 38. షుగరు మాత్రలతో అదుపులోనే ఉండేది. బీపీ మాత్రం రెండు రకాల మాత్రలు వేసినా మాట వినేది కాదు. మోకాళ్లు పోతున్నాయని, ఇట్లాగే ఉంటే గుండెకు చేటని ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి ఎనిమిది ప్రశ్నలు అడిగింది. గట్టిగా గురక పెడతారా? పగలు అలసటగా, నిద్రమత్తుగా ఉంటుందా? నిద్రలో మీకు ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎంఐ 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? ఎనిమిదోది, మగవారా అని. ఒక్కో 'అవును'కు ఒక మార్కు. ఐదూ ఆ పైన వస్తే, నిద్రలో ఊపిరాగే జబ్బు ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఈ చిట్టా పేరు స్టాప్-బ్యాంగ్. టొరంటోలో ఫ్రాన్సిస్ చుంగ్ అనే మత్తు డాక్టరు బృందం 2008లో దీన్ని తయారుచేసింది. నిద్ర డాక్టర్ల కంటే ముందు మత్తు డాక్టర్లకు ఈ ప్రశ్నలు ఎందుకు కావలసి వచ్చాయో ఆ రోజు నాకు తోచలేదు.

నేను చెప్పిన జవాబులు ఇవి. గురకా? ఏదో కొంచెం, అందరిలాగే. పగలు నిద్రమత్తా? లేదు. ఊపిరి ఆగడమా? అబ్బే, అట్లాంటిదేం లేదు. మిగతావాటిలో దాచడానికి వీల్లేదు. బీపీ ఫైల్లో ఉంది, బరువు కాటా చెప్పింది, మెడకు టేపు వేస్తే 44 వచ్చింది. అన్నీ కలిపితే నాలుగు. గట్టెక్కినట్టే అనుకున్నా.

పక్కనే కూర్చున్న మా ఆమె ఊరుకోలేదు. "లేదు మేడమ్. రాత్రిళ్లు గుర్రు పెట్టీ పెట్టీ ఉన్నట్టుండి ఆగిపోతాది. సద్దుండదు. నేను కూకోని సూస్తా ఉంటా. మళ్లా ఉక్కిరిబిక్కిరై ఊపిరి తీస్తాడు. ఎన్నేండ్లాయనో ఇట్ల" అంది. డాక్టరమ్మ పెన్ను మళ్లీ పైకి జరిగి రెండు గళ్లు దిద్దింది. నాలుగు కాస్తా ఆరైంది.

నేనెందుకు అబద్ధమాడాను? కారణం చెప్పుకోవడానికి ఇప్పుడూ కొంచెం సిగ్గే. జూన్, జూలైల్లో పత్తి, మొక్కజొన్న విత్తనాలకు రైతులు కొట్టు ముందు నిలబడి ఉంటే, బిల్లు రాస్తూ రాస్తూ నా తల వాలిపోయేది. "ఏమన్నా, పండుకున్యావా?" అని ఎవరో ఒకరు బల్ల మీద తట్టేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. మా పక్క మనిషి పగటిపూట కునుకు తీశాడంటే సోమరి అన్నమాటే. ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే నా గురకకు పక్క మిద్దెలవాళ్లు పొద్దున లెక్కలు చెప్పేవాళ్లు. దాన్నీ నవ్వులాటలోనే వేసుకున్నాను. తిండి తగ్గించుకోలేనివాడన్న పేరు ఎట్లాగూ ఉంది. దాని పక్కన నిద్రమొహం అన్న పేరు కూడా ఆసుపత్రి కాగితం మీదికి ఎక్కడం నాకిష్టం లేకపోయింది.

పరీక్ష మాత్రం తప్పలేదు. రాత్రి తొమ్మిదింటికి టెక్నీషియన్ కుర్రాడు వచ్చి, తల మీద జిగురు పెట్టి వైర్లు అతికించాడు. అవి మెదడు అలలను చూస్తాయి. కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద మరికొన్ని. ఛాతీకి ఒక బెల్టు, పొట్టకు ఒక బెల్టు. ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, గురక వినడానికి చిన్న మైకు. "ఇన్ని తగిలిస్తే నిద్రెట్లా పడుతుంది నాయనా?" అన్నాను. "అందరూ ఇదే మాటంటారు సార్. మీలాంటివాళ్లు పది నిమిషాల్లో పడుకుంటారు" అన్నాడు. ఆ 'మీలాంటివాళ్లు' ఎవరో అప్పుడు అర్థం కాలేదు. వాడన్నట్టే వైర్లతోనే నిద్రపోయాను. నడిరాత్రి లేపి, ముక్కుకు ఒక మాస్కు తొడిగి మళ్లీ పడుకోమన్నాడు. జబ్బు తీవ్రంగా కనబడితే రాత్రి మొదటి సగంలో నిర్ధారణ, రెండో సగంలో ఎంత గాలి ఒత్తిడి సరిపోతుందో చూడడం, రెండూ ఒకే రాత్రిలో కానిస్తారని తరవాత తెలిసింది.

పొద్దున లేచేసరికి తలనొప్పి లేదు. రాత్రి సగం నుంచి ఒంటేలుకు లేవలేదు. తలనొప్పి బీపీ వల్ల, ఒంటేలు షుగరు వల్ల అని నేను ఏండ్ల తరబడి సర్దిచెప్పుకున్నవి రెండూ ఒక్క సగం రాత్రిలో మాయమయ్యాయి.

రిపోర్టులో ఏహెచ్‌ఐ 47 అని ఉంది. గంటలో సగటున 47 సార్లు ఊపిరి పూర్తిగా ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరిగిందని దాని అర్థం. ప్రతిసారీ కనీసం పది సెకన్లు. గంటకు ఐదు లోపు మామూలు, 15 వరకు తక్కువ జబ్బు, 30 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఎందుకిట్లా జరుగుతుందో డాక్టరు చెబుతుంటే పొలాల్లో మోటర్లే గుర్తొచ్చాయి. మోటరుకు నీళ్లు పీల్చే వైపు మెత్తటి పైపు తగిలిస్తే, మోటరు లాగేకొద్దీ పైపు గోడలు అతుక్కుపోయి నీళ్లు ఆగిపోతాయి. అందుకే ఆ వైపు గట్టి పైపే వాడతాం. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. మెడలోనూ నాలుక మొదట్లోనూ కొవ్వు పేరుకుంటే దారి ఇంకా ఇరుకవుతుంది. ఛాతీ గాలి కోసం లాగేకొద్దీ గొంతు మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు అదిరిపడి ఒక్క క్షణం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర. ఆ మెలకువ మనకు గుర్తుండేంత సేపు ఉండదు. లేచిన ప్రతిసారీ రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. నా రెండు రకాల మాత్రలు ఎందుకు ఓడిపోతున్నాయో అట్లా తెలిసింది.

ఈ జబ్బు పేరు మా ఊళ్లో చాలామంది మొదటిసారి విన్నది 2022 ఫిబ్రవరిలో. ఆ నెల 15న ముంబైలో సంగీత దర్శకుడు బప్పీ లహరి పోయినప్పుడు, ఆయనకు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా ఉందని డాక్టర్లు చెప్పిన సంగతి టీవీల్లో వచ్చింది. ఆయన 'గ్యాంగ్ లీడర్' పాటలకు గంతులేసిన వయసు మాది. గురక పెట్టేవాడు గురకతో పోతాడా అని కొట్టు ముందు మాట్లాడుకున్నాం. అందులో గట్టిగా నవ్వినవాణ్ని నేనే.

వద్దని మొండికేసిన ఆ కాగితమే నా ఇన్సూరెన్సుకు దారైంది. ఆరోగ్య పాలసీల్లో మినహాయింపుల మాటలను 2019లో ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే తీరుగా ఖరారు చేసింది. వాటి ప్రకారం స్థూలకాయం ఆపరేషన్ ఖర్చు ఇవ్వాలంటే బీఎంఐ కనీసం 40 ఉండాలి. లేదా కనీసం 35 ఉండి, వేరే పద్ధతులన్నీ విఫలమై, కొన్ని తీవ్రమైన జబ్బుల్లో ఒకటైనా ఉండాలి. ఊబకాయంతో వచ్చే గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, అదుపులో లేని టైప్ 2 షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఆ జాబితాలో ఉన్నాయి. నా బీఎంఐ 38, గుండె బాగుంది, షుగరు అదుపులో ఉంది. మిగిలింది నిద్ర ఒక్కటే. ఆ ఎనిమిది ప్రశ్నలకు నా జవాబులే నిలబడి ఉంటే, పరీక్ష లేదు, కాగితం లేదు, డబ్బూ లేదు.

డబ్బు కంటే పెద్ద సంగతి ఆపరేషన్ బల్ల మీద ఉంది. మత్తు మందులు, ఆపైన ఇచ్చే మార్ఫిన్ జాతి నొప్పి మందులు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, ఊపిరాగినప్పుడు లేపాల్సిన మెదడును మగతలో ఉంచుతాయి. జబ్బున్నట్టు తెలియకపోతే ఆపరేషన్ అయిన రాత్రి మామూలు గదిలో, వెల్లకిలా, ఎవరూ గమనించకుండా పడుకుంటాం. తెలిస్తే సంగతి వేరు. నాకు కొన్ని వారాల ముందునుంచే, మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పంపే సీప్యాప్ మిషన్ వాడించారు. ఆపరేషన్ తరవాత పూర్తిగా తెలివొచ్చాకే గొట్టం తీశారు, తలవైపు ఎత్తు పెట్టారు, నొప్పికి వేరే రకం మందులు ఎక్కువగా వాడారు, ఆక్సిజన్ మీద రాత్రంతా కన్నేశారు. మత్తు డాక్టర్లకు ఆ ప్రశ్నలు ఎందుకు కావాలో అప్పటికి బోధపడింది. డాక్టరమ్మ ముందు ఆడిన అబద్ధం నన్ను ఏ చీకట్లోకి తోయబోయిందో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది.

ఇంతవరకు మా ఆమె పుణ్యాన బయటపడ్డాను. రెండో తప్పుకు అడ్డుపడేవాళ్లు లేకపోయారు.

నాకు చేసింది స్లీవ్ ఆపరేషన్. కడుపులో మూడొంతుల పైచిలుకు తీసేస్తారు. మొదట పల్చటి మజ్జిగ, కొర్రగంజి, తరవాత మెత్తటి సంగటి ముద్దలో గోలీకాయంత. ఏడాది తిరిగేసరికి 114 నుంచి 84కు దిగాను. షుగరు మాత్ర ఆపేశారు. పాత చొక్కాలు దర్జీకి పోయాయి. ఉగ్గాని బండి దగ్గర నన్ను గుర్తుపట్టనివాళ్లు కూడా ఉన్నారు. ఆ సంబరంలో రాత్రిపూట ముక్కుకు తగిలించుకునే ఆ మాస్కు నాకు పాత జబ్బుకు మిగిలిపోయిన తోకలా కనబడసాగింది. పెళ్లికి పోతే పెట్టె మోయాలి. కరెంటు పోతే ఆగిపోతుంది. ఎండాకాలం మిద్దె మీదికి వైరు లాగాలి. పైగా గాలి మరీ బలంగా కొడుతున్నట్టుండేది. మాస్కు పక్కలనుంచి బుస్సుమని కారేది. కొంత గాలి కడుపులోకి పోయి ఉబ్బరం. చిన్నదైన కడుపు కదా, ఆ బాధ ఎక్కువే.

అంత బరువు తగ్గాక మళ్లీ స్లీప్ స్టడీ చేయించుకోమని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. నేను చేయించుకోలేదు. గురక పోయింది కాబట్టి జబ్బూ పోయిందని తీర్పిచ్చుకున్నాను. గురక పోయిందని నాకెట్లా తెలుసు? వినబడటం లేదు కాబట్టి. వినేదెవరు? నా గురక బాధకు మా ఆమె ఏండ్ల కిందటే పక్కగదికి మారింది. ఆపరేషన్ అయ్యాక కూడా ఆ అలవాటు అట్లాగే ఉండిపోయింది. పరీక్షకు ముందు నన్ను పట్టించిన ఒక్క సాక్షీ ఇప్పుడు గోడకు అవతల ఉంది.

మిషన్ ఆపి ఊరుకుని ఉంటే నా ఒక్కడితో పోయేది. మా బావమరిదికీ గురకే. "బావా, నీకు పని లేదు కదా, నాకియ్యి" అన్నాడు. ఇచ్చేశాను, మాస్కుతో సహా. నా గొంతుకు, నా 114 కిలోలకు కొలిచి పెట్టిన ఒత్తిడి అది. వాడికి జబ్బుందో లేదో, ఉంటే ఎంతుందో ఎవరూ కొలవలేదు. నాలుగు రాత్రులు ఉక్కిరిబిక్కిరై, "ఇది నాకు పడదు బావా" అని అటక మీద పెట్టేశాడు. ఆ తరవాత స్లీప్ స్టడీ మాటెత్తితే చాలు, "ఆ మిషన్ చూసినాం లే" అనేవాడు. పరీక్షంటే విరక్తి పుట్టించింది నేనే. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువ కుంగదీసేది ఇదే.

బీపీ మాత్రం నన్ను వదల్లేదు. షుగరు దిగినట్టు అది దిగలేదు. "మాస్కు వాడుతున్నారు కదా?" అని డాక్టరు అడిగితే తలూపాను. ఆయన నా మాట నమ్మి మాత్ర మోతాదు పెంచాడు. మధ్యాహ్నాల్లో కొట్టులో మళ్లీ తల వాలడం మొదలైంది. తిండి తగ్గింది కదా, నీరసమని సర్దుకున్నాను. ఒక మధ్యాహ్నం కర్నూలు నుంచి కారులో వస్తూ, బ్రాహ్మణకొట్కూరు దాటినాక కళ్లు తెరిచేసరికి ఎడమ చక్రాలు తారు దిగి గరుసులో ఉన్నాయి. కళ్లు మూసినట్టే నాకు తెలియదు. ఎదురుగా ఎవరూ లేకపోవడం నా అదృష్టం, వాళ్ల అదృష్టం. కారు పక్కకు ఆపుకుని డాక్టరుకు ఫోన్ చేసి, మిషన్ ఆపేశానని, మీకు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ఈ వారంలోనే పరీక్షకు రమ్మన్నాడు.

రెండో రిపోర్టులో ఏహెచ్‌ఐ 18. సగం కంటే ఎక్కువే తగ్గింది, కానీ పోలేదు. మధ్యస్థం గీతకు పైనే. వెల్లకిలా పడుకున్నప్పుడు, కలలొచ్చే నిద్రలో ఇంకా ఎక్కువ. ఆపరేషన్ కొవ్వును కరిగిస్తుంది గానీ, చిన్న దవడను పెద్దది చేయదు, వయసును వెనక్కి తిప్పదు. నేను ఒంటరివాణ్నేం కాదు. ఆపరేషన్‌కు ముందూ తరవాతా పరీక్ష చేయించుకున్నవారి లెక్కలు పన్నెండు అధ్యయనాల నుంచి పోగుచేసి 2009లో అమెరికాలో ప్రచురించారు. సగటు ఏహెచ్‌ఐ సుమారు 55 నుంచి 16కు దిగింది. చాలా పెద్ద మేలే. అయినా ఆ 16 మామూలు నిద్ర కాదు. విస్కాన్సిన్‌లో ఏండ్ల తరబడి సాగిన మరో అధ్యయనం 2000లో చెప్పిందేమిటంటే, బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు 26 శాతం తగ్గుతుంది, 10 శాతం పెరిగితే 32 శాతం పెరుగుతుంది. అంటే తగ్గిన బరువు మళ్లీ పెరిగితే జబ్బు కూడా దాని వెంటే వస్తుంది.

రెండో పరీక్ష రాత్రే ఇంకో సంగతి తేలింది. ముందు నాకు పెట్టిన ఒత్తిడి 13. ఇప్పుడు 8 చాలు. ముఖం చిక్కిపోయి పాత మాస్కు వదులైంది, అందుకే గాలి కారేది. ఎక్కువైన ఒత్తిడి వల్లే కడుపు ఉబ్బరం. నేను ఏ బాధలు భరించలేక మిషన్ ఆపేశానో, అవన్నీ మళ్లీ పరీక్ష చేయించుకోమని చెబుతున్న గుర్తులే. ఆ పరీక్ష చేయించుకుని ఉంటే చిన్న మాస్కు, తక్కువ గాలితో పోయేది. సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు ముక్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకుపోకుండా ఆపవచ్చని 1981లో ప్రపంచానికి చూపించాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ వైద్యానికి ప్రాణం ఆ ఒత్తిడి అంకెలోనే ఉంది. మనిషి మారితే అంకె మారాలి. అదే మనిషి 30 కిలోలు తగ్గినా మారాలి.

ఇప్పుడు కొట్టుకొచ్చేవాళ్లలో బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. టిర్జెపటైడ్ అనే మందును ఊబకాయంతో పాటు స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు వాడవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2024 డిసెంబరులో అనుమతించింది. 2025 మార్చిలో ఆ మందు మన దేశంలోనూ అమ్మకానికొచ్చింది, ఇక్కడ షుగరుకు, బరువుకు. ఎవరికేది మంచిదో డాక్టరు చెప్పాలి. కత్తితో తగ్గినా సూదితో తగ్గినా, బరువు నిలకడకు వచ్చాక నిద్రను మళ్లీ కొలిపించుకోమని మాత్రం నేను చెబుతున్నాను. ఆ కొలత వచ్చేదాకా మిషన్ ఆపొద్దు. ఇంకొకరికి అసలే ఇవ్వొద్దు.

నేను రెండుసార్లు చేసిన తప్పు నిజానికి ఒక్కటే. నా నిద్ర గురించి నన్నే సాక్షిగా పిలుచుకున్నాను. ఆపరేషన్‌కు ముందు 'బాగుంది' అన్నాను, తరవాత 'బాగైంది' అన్నాను. రెండుసార్లూ ఆ సమయంలో నేను అక్కడ లేను, నిద్రలో ఉన్నాను.

మా ఆమె మళ్లీ ఈ గదికే వచ్చింది. బావమరిదిని ఈమధ్యే బతిమాలి కర్నూలు తీసుకుపోయి పరీక్ష చేయించాను. వాడి అంకె వాడికొచ్చింది, వాడి మిషన్ వాడికొచ్చింది. నా మిషన్‌లో ఒక చిన్న కార్డు ఉంటుంది. ఏ రాత్రి ఎన్ని గంటలు వాడానో, ఎంత గాలి కారిందో, ఊపిరి ఎన్నిసార్లు తగ్గిందో అంతా దానికి తెలుసు. డాక్టరు "నిద్ర ఎట్లుంది?" అని అడిగితే, ఇప్పుడు నేను జవాబు చెప్పను. కార్డు బల్ల మీద పెట్టి, మా ఆమె వైపు చూస్తాను.